నాగపూర్‌కు మన బస్సు పోదు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మా మేనకోడలు షారోన్ నా గుమ్మం ముందు బ్యాగు మీద కూర్చొని ఉంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఖమ్మంలో నేనొక్కదాన్నే ఉంటున్నాను. అశ్వారావుపేట నుంచి చెప్పాపెట్టకుండా వచ్చిందంటే కొంపేదో మునిగిందనుకున్నాను. ఏమీ మునగలేదు. పిల్లకు పీజీలో రెండు సీట్లు వచ్చాయట. ఒకటి హైదరాబాద్‌లో, ఇంకొకటి విశాఖపట్నంలో. రెండూ సర్కారు యూనివర్సిటీలే. వాళ్ళ నాన్న, అంటే మా తమ్ముడు డేవిడ్, విశాఖ పేరెత్తితే చాలు ఇంతెత్తున లేస్తున్నాడట. ఆడపిల్లను పరాయి రాష్ట్రం పంపేది లేదంటున్నాడట. నాకు నవ్వాగలేదు. డేవిడ్ ఆయిల్‌పామ్ తోట దాటి బండి మీద కాస్త ముందుకు పోతే పరాయి రాష్ట్రమే. వాడికి నచ్చిన కటింగ్ షాపు అటువైపు ఉంది. రాష్ట్రం రెండయిన నాటి నుంచి మా తమ్ముడు గడ్డం గీయించుకోవడానికి పరాయి రాష్ట్రం పోయి, నున్నటి చెంపలతో స్వరాష్ట్రానికి తిరిగి వస్తున్నాడు. ఆ మాట అంటే షారోన్ కూడా నవ్వింది. నవ్వి, "అత్తా, నీకు గూడ గిట్లనే అయిందంట గదా. నానమ్మ ఎప్పుడూ సగమే చెప్పి నవ్వేది. అసలు నువ్వు నాగపూర్ ఎట్ల పోయినవ్?" అని అడిగింది. షారోన్ నానమ్మ అంటే మా అమ్మ. సగమే చెప్పి నవ్వడం ఆమెకు అలవాటు. మిగతా సగం నేను చెప్పాలి.

మా నాన్న యాకోబు బస్సు కండక్టరు. అశ్వారావుపేట నుంచి అడవిలోంచి భద్రాచలం పోయే తెల్లవారు బస్సు ఆయనది. ఆయన ఖాకీ చొక్కాకు డీజిలు, చెమట, నాణేలు కలిసిన ఒక వాసన ఉండేది. అమ్మ ఎన్ని నీళ్ళలో జాడించినా ఆ వాసన పోయేది కాదు. చిల్లర పట్టీ పట్టీ వేళ్ళ కొసలు నల్లబడితే, అన్నానికి కూర్చునే ముందు పెరట్లో నిలబడి చింతపండు పిప్పితో వేళ్ళు తోముకునేవాడు. అడవి ఊళ్ళ జనానికి ఆయనంటే ఇష్టం. చెయ్యెత్తిన చోటల్లా బస్సు ఆపించేవాడు. బరువులు ఎక్కించేవాడు, ముసలివాళ్ళను చెయ్యి పట్టి దించేవాడు. అందుకని ఎండాకాలంలో తునికిపళ్ళు, ఇప్పపువ్వు, వానలు పడితే పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు ఆయన సంచీలోకి వచ్చి చేరేవి. సాయంత్రం నాన్న సంచీ వాసన చూసి ఏ కాలం నడుస్తున్నదో చెప్పేవాళ్ళం. ఇంట్లో కూడా ఆయన కండక్టరే. నడవలో కాళ్ళు చాపుకొని కూర్చుంటే "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అనేవాడు. గడప మీద నిలబడితే "ఫుట్‌బోర్డు ఖాళీ చెయ్యి బిడ్డా" అనేవాడు. ప్రపంచం ఆయనకు రెండు ముక్కలు. బస్సు పోయే ఊళ్ళు ఒక ముక్క, పోని ఊళ్ళు రెండో ముక్క. రెండో ముక్క మీద ఆయనకు సదభిప్రాయం లేదు.

రైలంటే మరీ మంట. "చెయ్యెత్తితే ఆగదు, దిగుతనంటే దింపదు. స్టేషన్ పేరేమో భద్రాచలం రోడ్డు, దిగి చూస్తే కొత్తగూడెం. పేరుల్నే అబద్ధమాడేదాన్ని ఎట్ల నమ్ముతరు?" అని వాదించేవాడు. భద్రాచలం రాముడి దర్శనానికని బయలుదేరి ఆ స్టేషన్లో దిగి బిక్కమొహం వేసుకున్న యాత్రికులను ఆయన ఎంతమందిని బస్సెక్కించాడో! వాళ్ళను చూసినప్పుడల్లా జాలి కంటే ఎక్కువగా గెలిచిన సంతోషం ఉండేది ఆయన మొహంలో.

నేను డిగ్రీకి రోజూ కొత్తగూడెం పోయి వచ్చేదాన్ని. ఆ దారిలో తిరిగే కండక్టర్లు, డ్రైవర్లు అందరూ నాన్న స్నేహితులు. నన్ను చూస్తే లేచి సీటు చూపించేవాళ్ళు, అంతవరకు బాగానే ఉండేది. కానీ వాళ్ళకు కళ్ళతో పాటు నోళ్ళు కూడా ఉన్నాయి. బస్టాండు దగ్గర స్నేహితురాలితో నిలబడి సోడా తాగితే, నేను ఇంటికి చేరేలోగానే ఆ సోడా ఏ రంగుదో నాన్నకు తెలిసిపోయేది. ఒకసారి క్లాసు ఎగ్గొట్టి మ్యాట్నీకి పోయాం. సినిమా విడిచాక మేం బస్సెక్కితే, మా కంటే ముందు బస్సులో కబురు వెళ్ళిపోయింది. ఇంటికి పోయేసరికి నాన్న తీరిగ్గా చింతపండు పిప్పితో వేళ్ళు తోముకుంటూ, "సినిమాల ఆఖరికి పెళ్ళయిందా బిడ్డా?" అని అడిగాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ అడగడమే నాకు ఒళ్ళు మండించింది. తిట్టే తండ్రితోనైతే పోట్లాడవచ్చు. అన్నీ తెలుసుకొని నవ్వే తండ్రితో ఏం చేస్తాం?

అందుకే ఎమ్మెస్సీకి వరంగల్‌లోనూ నాగపూర్‌లోనూ సీట్లు వచ్చినప్పుడు నేను క్షణం కూడా ఆలోచించలేదు. పైకి మాత్రం "అక్కడ అడవి చెట్ల మీద మంచి చదువుంది నాయినా, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఉన్నరు" అని చెప్పాను. అది నిజమే. అసలు నిజం వేరే. వరంగల్‌కు మా వైపు నుంచి బస్సులున్నాయి. ప్రతి బస్సులో నాన్న స్నేహితుడొకడు ఉంటాడు. నాగపూర్‌కు మా నాన్న బస్సు పోదు, ఆయన స్నేహితుల బస్సులు కూడా పోవు. నా సోడా ఏ రంగుదో అడిగేవాడు లేని ఊరు భూమి మీద ఒకటి ఉందంటే, అక్కడ ప్రొఫెసర్లు లేకపోయినా నేను పోయేదాన్నే.

నాన్న ఒక్క మాటలో తేల్చేశాడు. "నాగపూర్‌కు మన బస్సు పోదు." అది దూరం గురించిన మాట కాదు, తీర్పు. వరంగల్‌లో చేరడానికి గడువు ముందుంది, నాగపూర్‌ది కొన్నాళ్ళ వెనుక. వరంగల్ గడువు లోపల ఆయన మనసు మారితే నాగపూర్, లేకుంటే వరంగల్. వరంగల్‌లో ఏ హాస్టలు బస్టాండుకు దగ్గరో కూడా అప్పటికే ఆయన కనుక్కొచ్చాడు.

ఇక్కడ మా నానమ్మ గురించి చెప్పాలి. పేరు కరుణమ్మ. తెల్లచీర, ముక్కుపొడుం, తెల్లవారకముందే మొదలయ్యే ప్రార్థన. ఆ ప్రార్థన దేవుడికే అయినా వినాల్సినవాళ్ళు మేమే. "ప్రభువా, మా కోడలికి జ్ఞాపకశక్తి దయచెయ్యి, నిన్న చారుల ఉప్పెయ్యలే" అని ఆమె మోకరించి వేడుకుంటే అమ్మ వంటింట్లో పళ్ళు నూరేది. ఎదురు చెప్పడానికి లేదు కదా, మాట్లాడుతున్నది దేవుడితో! నాగపూర్ గొడవ మొదలైన రెండో రోజునే నానమ్మ ప్రార్థనలోకి రైలు వచ్చేసింది. "ప్రభువా, నీ దాసి ఎడ్లబండెక్కింది, ట్రాక్టరెక్కింది, కొడుకు బస్సెక్కింది. రైలెక్కకుండనే నీ రాజ్యానికొస్తే, ఆడ మా ఆయన కనబడి రైలెట్లుంటదే కరుణా అని అడిగితే నేనేమని చెప్పాలె?" నాన్న దుప్పటి మొహం మీదికి లాక్కొని "ఆమెన్" అని గట్టిగా అరిచి ప్రార్థన ముగిసినట్టే చేసేవాడు. అయినా ముగిసేది కాదు.

నానమ్మ నా పక్షాన నిలబడింది నా చదువు కోసం కాదని నాకు తెలుసు. ఆమె కూడా దాచలేదు. "చూడు పిల్లా, నువ్వు వరంగల్ల ఉంటె నిన్ను చూసేటందుకు వీడు నన్ను మళ్ళ బస్సులనే కూసోబెడతడు. నాగపూర్ల ఉంటె రైలెక్కియ్యక తప్పదు. అందుకని నువ్వు నాగపూర్ పోతున్నవ్" అంది. నాన్న వినడం లేదు కదా అంటే, "వాడు రైలును తిడుతున్నడు గానీ ఎన్నడన్న ఎక్కిండా? ఎక్కనోనికేం తెలుస్తది? ఎక్కిస్త. నువ్వు నోరు మూసుకొని నా పక్కన నిలబడు" అంది.

ఆ అవకాశం కారేపల్లి రూపంలో వచ్చింది. అక్కడ నానమ్మ చెల్లెలు సంతోషమ్మ కొత్త ఇల్లు కట్టుకొని, మధ్యాహ్నం గృహప్రవేశ ప్రార్థన పెట్టుకుంది. నాన్న సెలవు పెట్టాడు. పొద్దున్నే నాన్న, నానమ్మ, నేను బయలుదేరి కొత్తగూడెం వచ్చాం. కారేపల్లి పోయే బస్సులో మాకు ముందు సీట్లు ఆపి ఉంచమని నాన్న అప్పటికే స్నేహితుడికి చెప్పి పెట్టాడు. బస్సు కదలడానికి కొంచెం టైముంది. నానమ్మ ఉన్నట్టుండి నిలబడిపోయి, "ఉత్త చేతులతోని పోతమా? ఒక స్టీలు బేసిను కొందాం" అంది. కొనడం సరే. కొన్నాక దాని మీద పేరు చెక్కించాలంది. సామాన్ల కొట్టు మెట్ల మీదే పేర్లు చెక్కేవాడు మిషను పెట్టుకొని కూర్చొని ఉన్నాడు.

"పేరు చెప్పు పెద్దమ్మా."

"రాయి. ప్రియమైన చెల్లెలు సంతోషమ్మకు, అక్క కరుణమ్మ దీవించి ఇచ్చినది."

మిషను గుర్రుమంది. నాన్న గడియారం చూసుకున్నాడు. చెక్కడం అయిపోతుండగా నానమ్మ, "కొడుకు పేరు లేకుంటె బాగుంటదా? యాకోబు అని రాయి. కోడలి పేరు రాయి. మనవడు డేవిడు. మనవరాలు రూతు" అంది. రూతు నేనే. "రూతు పక్కన బీఎస్సీ అని గూడ రాయి నాయినా, కష్టపడి చదివింది." చెక్కేవాడికి కూడా ఉత్సాహం వచ్చింది. చివర ఒక పువ్వు వేస్తానన్నాడు. రెండు వెయ్యమంది నానమ్మ. "అమ్మా, బస్సు!" అని నాన్న మొత్తుకుంటున్నాడు. నేను నానమ్మ చెప్పినట్టే నోరు మూసుకొని పక్కన నిలబడ్డాను. అక్షరాలు బేసిను అంచు చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ మొదటి అక్షరానికి తగిలేసరికి, రోడ్డు మీద మా బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. స్నేహితుడు కిటికీలోంచి నాన్న వైపు చూసి చేతులు తిప్పాడు, ఇంక ఆపలేనన్నట్టు.

తర్వాతి బస్సు మధ్యాహ్నం దాటాకే. నానమ్మ బేసినును చంకలో పెట్టుకొని, పాపం పుణ్యం తెలియని మొహంతో, "ఇప్పుడెట్ల కొడకా? ఆ రైలేదో ఉందంటరు గదా?" అంది. నాన్న ఆమె వైపు, బేసిను వైపు చూశాడు. నాకు నవ్వు తన్నుకొస్తుంటే బస్టాండులో అంటించిన సినిమా పోస్టర్ల వైపు తిరిగి నిలబడ్డాను.

స్టేషన్లో నాన్న, దవాఖానాలో సూదికోసం లైనులో నిలబడ్డవాడిలా టికెట్ల కిటికీ ముందు నిలబడ్డాడు. అప్పట్లో రైలు టికెట్టు చిన్న గట్టి అట్టముక్క. దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "దీన్నెక్కడ చించుతరు?" అన్నాడు. నానమ్మ మాత్రం కిటికీ పక్కన కూర్చొని, రైలు కదలకముందే కదిలినంత ఆనందపడిపోయింది. కదిలాక ఇంక చెప్పనక్కరలేదు. బొగ్గు వ్యాగన్లకు చెయ్యి ఊపింది. మేకలకు ఊపింది. ఎదురు సీటాయన మాకు పల్లీలు ఇచ్చాడు. నాన్న తినలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకొని అంచు మీద కూర్చొని తప్పులు వెతుకుతున్నాడు. "టికెట్లు అడిగేటోడే లేడు. ఎవరెక్కిండో ఎవరు దిగిండో లెక్కే లేదు."

మధ్యలో ఒక చిన్న స్టేషన్లో ఆగి రైలు మళ్ళీ కదిలింది. అప్పుడే పొలాల గట్టు మీద నుంచి ఒక ఆడమనిషి నెత్తి మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టతో, ఒక చెయ్యి పైకెత్తి ఉరికి వస్తున్నది. నాన్న చూశాడు. కూర్చున్నవాడు దిగ్గున లేచి, "హోల్డాన్! హోల్డాన్!" అని కేక పెట్టాడు. రైలు వినలేదు. అన్నేళ్ళుగా గంట తాడు లాగిన ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. బస్సులోనైతే అక్కడ తాడు ఉంటుంది. రైల్లో ఉన్నది గొలుసు. చేతికి దొరికింది అదే కాబట్టి చెయ్యి దాన్నే లాగింది.

రైలు కీచుమని, బుస్సుమని, అందరినీ ముందుకు ఒకసారి వెనక్కు ఒకసారి ఊపి ఆగిపోయింది. బేసిను దొర్లుకుంటూ పోయి అవతలి సీటు కింద దూరింది. పెట్టెలో అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. అడ్డాకుల ఆమె మాత్రం తనకోసం రైలు ఆగడం మామూలే అన్నట్టు నింపాదిగా ఎక్కి, కట్ట దించుకొని, నాన్నతో "నీ కడుపు సల్లగుండ" అని నేల మీద కూలబడింది. నాన్న అలవాటుగా "రైట్ రైట్" అన్నాడు. రైలు కదలలేదు. అప్పుడు ఆయనకు తెలిసివచ్చింది, ఏం చేశాడో.

నల్లకోటు వేసుకున్న టీసీ ఒకాయన పక్క పెట్టెలోంచి పరుగెత్తుకొచ్చాడు. నెరిసిన గడ్డం, చేతిలో పెన్ను.

"చెయిన్ ఎవరు లాగిండ్రు?"

"నేనే," అని నాన్న నిటారుగా నిలబడ్డాడు.

"ఎందుకు లాగినవ్?"

"ప్యాసింజర్ ఉరికొస్తుంటె చూసుకుంట పోతరా?"

"అరె, ఇది రైలయ్యా!"

"అయితేంది? బండి గాదా?"

టీసీ పెన్ను మూత తీశాడు. నాకు భయం పట్టుకుంది. నాన్నను దింపేస్తారో, పోలీసులకు అప్పగిస్తారో! నానమ్మ లేచి టీసీ చెయ్యి పట్టుకుంది. "నాయినా, వాడు మంచోడే. బుద్ధిపూర్వకంగ లాగలే. చేతికి అలవాటు."

"ఏం పని చేస్తవ్?" అన్నాడు టీసీ.

"కండక్టర్. అశ్వారావుపేట, భద్రాచలం."

టీసీ గొలుసు వైపు చూశాడు. నాన్న చెయ్యి వైపు, నల్లబడిన వేళ్ళ వైపు చూశాడు. తర్వాత ఆయనకు నవ్వు మొదలైంది. పక్కనున్న కమ్మీ పట్టుకొని, కళ్ళెంబడి నీళ్ళు కారేదాకా నవ్వాడు. వెనక పెట్టె నుంచి గార్డు ఎర్రజెండాతో వస్తే, ముసలమ్మ తూలి పడబోయి చెయ్యి తగిలిందని ఆయనే సర్దిచెప్పి పంపాడు. ఇంకెప్పుడూ చెయిన్ వైపు చూడనని నాన్నతో ఒట్టు పెట్టించుకున్నాడు. రైలు కదిలాక పోతాడనుకుంటే, మా ఎదుటి సీట్లో చతికిలబడ్డాడు. పేరు మొహియుద్దీన్. "నీ బండ్ల గూడ పాత టికెట్ చూపెట్టి పోదామనుకునేటోళ్ళు ఉంటరా భాయ్?" అని అడిగాడు.

అంతే. మా నాన్న అంత మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు. దొంగనిద్ర పోయేవాళ్ళ గురించి, తాగి ఎక్కేవాళ్ళ గురించి, పిల్లవాడి వయసు దగ్గర అబద్ధమాడే తల్లుల గురించి ఇద్దరూ పోటీలు పడి చెప్పుకున్నారు. నాన్న పల్లీలు కూడా తిన్నాడు. కాసేపటికి మొహియుద్దీన్ సాబ్ కిటికీలోంచి చూస్తూ, "అన్నీ మంచిగనే ఉంటయ్ భాయ్. పొద్దుగాల పోయేటప్పుడు పిల్లలు పండుకొని ఉంటరు, వచ్చేవరకు మళ్ళ పండుకొని ఉంటరు. అదొక్కటే" అన్నాడు. నాన్న నా వైపు చూడకుండా "అవ్" అన్నాడు. చాలా మెల్లగా. పక్కన కూర్చున్నాను కాబట్టి వినిపించింది.

కారేపల్లి వచ్చిందని నానమ్మ అంటే, నాన్న తలెత్తి "అప్పుడేనా?" అన్నాడు. నానమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

దిగేటప్పుడు నానమ్మే నా సీటు సంగతి టీసీ చెవిన వేసింది. ఆయన, "నాగపూర్ అంటే ఏంది భాయ్, మా లైనే గదా. వచ్చే నెల సంది నాకు మెయిన్ లైన్ల డ్యూటీ. మనోళ్ళు ఆడిదాక తిరుగుతనే ఉంటరు" అన్నాడు. నాకప్పుడు అది ధైర్యం చెప్పే మాటలాగే వినిపించింది. అందులో ఉన్న ప్రమాదం నా బుర్రకు తట్టలేదు.

ఇంటికొచ్చాక నాన్న ఒప్పుకుంటాడనే అనుకున్నాం. ఒప్పుకోలేదు. రైలును తిట్టడం మానేశాడు గానీ, నాగపూర్ దగ్గర మాత్రం అక్కడే ఉన్నాడు. వరంగల్ గడువు దగ్గరపడింది. ఒక సాయంత్రం అమ్మ పెరట్లో కూర్చొని విస్తరాకులు కుడుతుంటే నేను ఏడుపు గొంతుతో నాన్నను నిలదీశాను. రైలు మంచిదే కదా, ఇంకేంటి నీ బాధ అన్నాను. నాన్న వేళ్ళు తోముకోవడం ఆపి, "రైలు సంగతి గాదు బిడ్డా. ఈడ నీకేమన్న అయితే పది మంది చెప్తరు నాకు. వరంగల్ల ఉన్నా బస్సోళ్ళు చెప్తరు. ఆడ నీకు జరమొస్తే నాకెవరు చెప్తరు?" అన్నాడు.

సోడా రంగు అడిగి నవ్విన ఆ మనిషి కళ్ళలో అంత భయం ఉంటుందని నాకు తెలియదు. నానమ్మ పొడుం డబ్బా మూత పెట్టేసింది. అప్పుడు అమ్మ మాట్లాడింది. అమ్మ నాన్నతో నేరుగా మాట్లాడేది కాదు. "మీ నాయినకు నీళ్ళు పెట్టు, మీ నాయినను తినమను" అని నా మీదుగా, డేవిడ్ మీదుగా పంపేది. ఆ రోజు చేతిలో ఆకు కింద పెట్టి, సూటిగా ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వు వాగు అవతల చిక్కుకున్ననాడు నాకెవరు చెప్పిండ్రు?"

నా చిన్నప్పుడు ఒక వానాకాలం వాగులు పొంగి నాన్న బస్సు అడవిలో ఒక ఊళ్ళో ఆగిపోయింది. రోజులు గడిచినా కబురు లేదు. బస్సు కొట్టుకుపోయిందని కూడా ఊళ్ళో అన్నారు. అమ్మ రోజూ అన్నం వండేది, మా ఇద్దరికీ పెట్టేది, ఆయన కంచం కడిగి బోర్లించేది. మళ్ళీ విస్తరాకులు కుట్టుకుంటూ కూర్చునేది.

"నేను బతకలే? పిల్లల్ని సాకలే? తెలిసేదాక ఉండుడు నాకు చేతనైంది. నీకెందుకు చేతగాదు? జరమొస్తే మందేసుకుంటది. దానికి నోరుంది, అడుగుతది. పోనియ్యి." అని, ఇంకో ఆకు తీసుకొని, ఈనెపుల్ల గుచ్చింది. "ఇన్ని రోజుల సంది అందరూ అరుసుకుంటున్నరు. నన్నెవరన్న అడిగిండ్రా?"

నాన్న చేతుల మీద నీళ్ళు పోసుకొని, తుడుచుకొని, అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. కొంచెంసేపు ఆకులు అందించాడు. తర్వాత నావైపు చూసి, "ట్రంకుపెట్టెకు తాళం మంచిది కొనాలె" అన్నాడు.

నాగపూర్‌లో నన్ను దింపి నాన్న తిరిగి వెళ్ళిన రోజు హాస్టలు గదిలో కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కొని ఒక్కదాన్నే బజారుకు పోయి, నడిరోడ్డు మీద నిలబడి, ఎర్రటి సోడా ఒకటి కొనుక్కొని తాగాను. ఎవరూ చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఇంకోటి తాగాను. ఆ స్వాతంత్ర్యం కొన్ని వారాలు నడిచింది. ఒక ఉదయం వార్డెన్ పిలిపించింది. గేటు దగ్గర నల్లకోటు టీసీ ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఆవకాయ జాడీ. ఆయన మొహియుద్దీన్ సాబ్ కాదు. దారిలోని బల్లార్షా స్టేషన్లో ఆయన చేతుల మీదుగా జాడీ అందుకున్న మరో టీసీ. మరాఠీ యాసలో, "రూతు ఎవరు? అన్నం సరిగ్గా తింటున్నావా, సన్నబడ్డావా అని చూసి చెప్పమన్నారు" అని హిందీలో అడిగాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ రిపోర్టు ఒక నల్లకోటు నుంచి ఇంకో నల్లకోటుకు, మొహియుద్దీన్ సాబ్ నుంచి కొత్తగూడెం బస్టాండుకు, అక్కడి నుంచి మా ఇంటికి చేరింది. రాష్ట్రంలోని బస్సుల నుంచి తప్పించుకుందామని పోతే దేశంలోని రైళ్ళు వెంటపడ్డాయి. హాస్టల్లో అందరూ నేనెవరో రైల్వే పెద్దాఫీసరు కూతురిననుకున్నారు. నేనూ కాదనలేదు. చలికాలంలో నానమ్మ కూడా వచ్చింది. కిటికీ సీటు దిగనని మారాం చేసిందట. తిరిగి పోయి చర్చిలో వారాల తరబడి "మా నాగపూర్ల" అని మొదలుపెట్టేదట.

ఇదంతా విని షారోన్ నవ్వి నవ్వి సోఫా మీద పడిపోయింది. తర్వాత తన ఫోను చూపించింది. అందులో ఒక నీలం చుక్క. తనెక్కడుందో వాళ్ళ నాన్నకు, అమ్మకు ఎప్పుడూ కనబడుతూ ఉంటుందట. ఆపేస్తే పది నిమిషాల్లో ఫోను వస్తుందట. నా కాలంలో ఒక పిల్ల తిన్నదో లేదో తెలుసుకోవడానికి బస్సులు, రైళ్ళు, ఇంతమంది మనుషులు కావలసివచ్చేది. ఇప్పుడు చుక్క చాలు. చుక్క ఆవకాయ తీసుకురాదు, సన్నబడ్డావని చెప్పదు. ఎక్కడుందో చెబుతుంది, ఎలా ఉందో చెప్పదు. అందుకేనేమో డేవిడ్‌కు అన్నీ కనబడుతున్నా మా నాన్నకున్న భయమే ఉంది. ఆ మాట నేను పైకి అనలేదు. "నీకు విశాఖే ఎందుకే?" అని మాత్రం అడిగాను.

"మంచి డిపార్ట్‌మెంట్ అత్తా. ఫ్యాకల్టీ మంచిగుంటది."

నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను. తల దించుకొని, "హైదరాబాద్‌ల మనోళ్ళు మస్తు మంది ఉన్నరత్తా. ప్రతి గల్లీకి ఒక పెదనాన్న" అంది.

అప్పుడే డేవిడ్ ఫోను చేశాడు. "అక్కా, రేపు నేనొస్తున్న. దానికి జర నువ్వన్న బుద్ధి చెప్పు. హైదరాబాద్ అనే చెప్పాలె మరి. నీకోసమని నాటుకోడి పట్టించిన."

"ఆలోచించి చెప్తలేరా," అన్నాను. పక్కన షారోన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫోను పెట్టేశాక, నా చెవి దగ్గరికి వచ్చి, "అత్తా, నేను విశాఖ సీటు ఓకే కొట్టేసిన" అంది.

"ఎప్పుడే?"

"ఇందాక వస్తుంటె. పెనుబల్లి దాటినంక, బస్సులనే."

మా ఇంట్లో అంతమంది అన్నాళ్ళు కొట్లాడుకుంటే తెమిలిన పని ఈ పిల్ల పెనుబల్లి, తల్లాడల మధ్య బొటనవేలితో తెమిల్చేసింది. మరి నా దగ్గరికి ఎందుకొచ్చినట్టు అని అడిగితే, "నాన్నకు చెప్పేటందుకు ఎవరన్న పెద్దోళ్ళు కావాలె గదా" అంది. నిజమే. ఒప్పించే పని ఫోనుకు రాదు. దానికింకా మా అమ్మలాంటివాళ్ళే కావాలి, వాళ్ళు లేనప్పుడు అత్తలు. ఏం చెప్పాలో నాకు తెలుసు. అమ్మ అన్న మాటనే అంటాను. వాడికి కూడా ఆ వాగు రోజులు గుర్తుండే ఉంటాయి, అమ్మ ఒళ్ళో పడుకున్నది వాడే కాబట్టి.

"రేపు పొద్దుగాల రాంగనే చెప్తవా అత్తా?"

"కోడి తిన్నంక చెప్త," అన్నాను. మళ్ళీ డేవిడ్‌కు ఫోను కలిపి, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నానని, కోడితో పాటు గారెలు కూడా చేయించుకొని తెమ్మని చెప్పాను.